ఎర్రగుడ్డలు విప్పిందెవరు?

“బట్టలు! ముందు ఆ బట్టలు విప్పండి! నీళ్ళు తర్వాత తాగిద్దురుగాని!”

వీధి మలుపు తిరుగుతూనే అరిచింది, తోటలో అందరూ ‘కత్తెర’ అని పిలిచే ఆ ఇంటి కోడలు. పడమటి తోటలో కబురు విని ఇంటిదాకా చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చిన మనిషి. మాటకీ మాటకీ మధ్య ఊపిరి అందడం లేదు. ఇంటి ముందు ట్రాక్టరు ఇంజను ఆపకుండా అలాగే వదిలేశారు. దాని చుట్టూ పదిమంది. గుమ్మంలో ఇంకో పదిమంది.

అందరినీ తోసుకుని లోపలికొచ్చింది.

ముందుగదిలో నేలమీద ఆమె ఆడపడుచు పడి ఉంది. ఇరవై రెండేళ్ళ పిల్ల. ఇంట్లో అందరికీ ‘చిన్నది’. పొద్దున పనికెళ్ళే ముందు ఇదే గదిలో తోట మేనేజరు నడక నడిచి చూపించి, కడుపులు చెక్కలయ్యేలా నవ్వించింది. ఇప్పుడు నోటి పక్క నుంచి చొంగ కారుతోంది. కళ్ళవెంట, ముక్కువెంట నీళ్ళు. పిక్కల్లో కండలు వాటంతటవే ఎగిరెగిరి పడుతున్నాయి.

“తలమీద తడిగుడ్డ వేస్తున్నానే” అంది అత్త ఏడుస్తూ. “వడదెబ్బంట.”

“ఎవరన్నారు వడదెబ్బని?”

అత్త కొడుకు వైపు చూసింది. గోడకానుకుని నిలబడ్డ మేస్త్రీ చేతిలో ఫోను జేబులో పెట్టుకున్నాడు.

మేస్త్రీ అంటే కత్తెర మొగుడే. ద్రాక్షతోటకు కూలీలను కూర్చి తీసుకెళ్ళేదీ, దగ్గరుండి పని చేయించేదీ అతనే. నేలమీద పడి ఉన్న పిల్లకు ఒక్కగానొక్క అన్న.

“ఎండ చూశావుగా” అన్నాడు. “పందిరి కింద గాలాడదు. కళ్ళు తిరిగి పడిపోయింది.”

కత్తెర వంగి చిన్నదాని చొక్కా చేతి దగ్గర ముక్కు పెట్టింది. కుళ్ళిన వెల్లుల్లి వాసన. మోచేతి దాకా బట్ట తడిసి, ఆరిన చోట తెల్లగా పొడిపొడిగా ఉంది.

“ఇది చెమట వాసనా? ముక్కుందా నీకు?” అంది లేస్తూ. “మందు ఇది. పచ్చి మందు. దీన్ని ఒంటిమీద ఉంచి పైన తడిగుడ్డలు వేస్తున్నారా? అత్తా, చేతులకు కవర్లు తొడుక్కో. సబ్బు తే. పెరట్లోకి మోసుకెళ్దాం పట్టు.”

“మగాళ్ళున్నారే...”

“మగాళ్ళని బయటికి తోలు! సిగ్గు తర్వాత పడదాం. ముందు బతకనీ.”

పెరట్లో ఇద్దరూ కలిసి పిల్లకు తల నుంచి కాళ్ళ దాకా సబ్బుతో తోమి నీళ్ళు పోశారు. జుట్టు, చెవుల వెనక, గోళ్ళ సందులు, ఏదీ వదల్లేదు. విప్పిన బట్టలు ఓ సంచిలో వేసి మూతి కట్టింది కత్తెర. పిల్ల ఒళ్ళు వణుకుతూనే ఉంది. “వదినా” అనబోయి, ఆ మాట సగంలోనే మింగేసింది.

ట్రాక్టరులో ఎక్కించేటప్పుడు కత్తెర మొగుడి మొహంలోకి చూసింది.

“ఆసుపత్రికి తీసుకెళ్ళకుండా ఇంటికెందుకు తెచ్చావు?”

మేస్త్రీ ట్రాక్టరు వెనక తలుపు గొలుసు తగిలించసాగాడు.

“నిన్నే అడిగేది.”

“నీడలో పడుకోబెడితే సర్దుకుంటుందన్నాడు మేనేజరు.”

“మేనేజరు డాక్టరీ ఎప్పుడు చదివాడు?”

మేస్త్రీ ట్రాక్టరెక్కేశాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ముందు పిల్ల కళ్ళు చూసింది. లైటు వేసి ఒకటి, తర్వాత రెండోది. లేచి నర్సుతో రెండు మాటలు చెప్పింది. నర్సు పరుగెత్తింది.

“ఏం మందు కొట్టారు?”

“వడదెబ్బండీ...” అని మొదలుపెట్టాడు మేస్త్రీ.

“నేనడిగింది అది కాదు. కంటిపాపలు గుండుసూది మొనంత అయ్యాయి. ఊపిరితిత్తుల్లో నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. వడదెబ్బకు ఇలా ఉండదు. పురుగుమందు చర్మంలోంచి లోపలికి పోయింది. ఎండ దానికి తోడైంది. ఒళ్ళు వేడెక్కి, చెమటకు తడిసి ఉంటే ఆ మందు ఇంకా తొందరగా దిగుతుంది. పైగా ఈ అమ్మాయి పొద్దుట్నుంచి గుక్కెడు నీళ్ళు తాగినట్టు లేదు.” ఆమె గొంతు పెద్దది కాలేదు గానీ మాటలు రాళ్ళలా పడ్డాయి. “విరుగుడు మొదలుపెడుతున్నాను. రెండో ఇంజక్షన్ ఇవ్వాలా వద్దా అన్నది కొట్టిన మందును బట్టి ఉంటుంది. డబ్బా మీద పేరు కావాలి. తొందరగా.”

“నాకు తెలీదండీ” అన్నాడు మేస్త్రీ.

“తోటంతా నీ చేతిమీదుగా నడుస్తుంది. నీకు తెలీదా?” అంది కత్తెర.

“మందు పని నాది కాదు. మందు కొట్టే పంపు మామ చూసుకుంటాడు.”

“సరే. నేనే వెళ్తాను.”

“నువ్వుండు, నేను వెళ్ళి...”

“వద్దు” అంది కత్తెర. “నువ్వు వెళ్తే మేనేజరు దగ్గరే ఆగిపోతావు.”

తోట గేటు దగ్గర ట్రాక్టరు దిగేటప్పటికి మధ్యాహ్నం రెండు దాటింది. మట్టి కాలుతోంది. కత్తెర పాదాలు బొబ్బలెక్కి ఉన్నాయి. ఎప్పుడెక్కాయో ఆమెకే తెలీదు.

తూర్పు వైపు పందిళ్ళ కింద తలలు కదులుతున్నాయి.

మొదట నమ్మలేదు. దగ్గరికెళ్ళి వంగి చూసింది. పదిహేడు మంది ఆడవాళ్ళు. మొహాలకు గుడ్డలు చుట్టుకుని, చేతులు పైకెత్తి గుత్తుల్లో కాయలు పలచబరుస్తున్నారు. తలపైన అరచెయ్యి ఎత్తులో తీగలు, ఆకులు. గాలి చొరబడే సందు లేదు. పొయ్యిమీద మూత పెట్టిన గిన్నె లోపల ఎలా ఉంటుందో అలా ఉంది.

“ఇంకా ఇక్కడే ఉన్నారా మీరు? ఆ పిల్ల పడిపోయిన వరసలోనే?”

“మేనేజరుగారు వడదెబ్బన్నారు వదినా” అంది దగ్గరున్న ఒకామె. “తలగుడ్డ తడుపుకుని చేసుకోమన్నారు. రేపు కొనేవాళ్ళు తోట చూడ్డానికొస్తున్నారంట.”

“ఏ నీళ్ళతో తడుపుకుంటారు? నీళ్ళెక్కడున్నాయి?”

“భోజనాలప్పుడు ఇచ్చారు. మళ్ళీ సాయంత్రం పని వదిలేటప్పుడే.”

కత్తెర వరస మొదట్లో పాతిన కర్ర వైపు చూసింది. మందు కొట్టిన వరసకు ఆ కర్ర మీద ఎర్రగుడ్డ కడతారు. గుడ్డ ఉన్నన్నాళ్ళూ అందులోకి మనిషి దిగకూడదు. ఒక్కో మందుకు రెండు రోజులు, ఒక్కోదానికి నాలుగు. కర్ర బోడిగా ఉంది. పక్క వరస కర్ర కూడా. దాని పక్కదీ అంతే.

“రండి బయటికి” అంది. “కత్తెర్లు అక్కడే పారేసి రండి.”

ఎవరూ కదల్లేదు.

“బయటికొస్తే రేపు పనికి పిలుస్తారా?” అని వెనక నుంచి ఓ గొంతు. “నీకేంలే. మేస్త్రీ పెళ్ళానివి.”

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. కత్తెరకు ఆ పేరు వచ్చిందే నోటివల్ల. గుత్తి మీద చెయ్యి ఎంత చురుగ్గా ఆడుతుందో, మనుషుల మీద నోరు అంతకన్నా చురుగ్గా ఆడుతుందని తోటలో చెప్పుకుంటారు. అలాంటి మనిషి ఒక్క క్షణం ఏమనాలో తెలియక నిలబడిపోయింది.

“మేస్త్రీ చెల్లెలే పడిపోయింది” అంది చివరికి. “మేస్త్రీ పెళ్ళామైతే ఏంటి, మేస్త్రీ అమ్మమ్మైతే ఏంటి? మందుకు చుట్టరికాలు తెలుస్తాయా? ఇప్పుడు అక్కడ ఆ పిల్ల కంటిపాప సూది మొనంత అయిందే! నోట్లో నురగ. మీలో ఎవరికీ తల తిరగట్లేదా? ఎవరికీ కడుపులో తిప్పట్లేదా? ఒట్టేసి చెప్పండి, నేను వెళ్ళిపోతా.”

మొహానికున్న గుడ్డ లాగి ఒకామె పక్కకు తిరిగి భళ్ళున వాంతి చేసుకుంది. “పొద్దుట్నుంచి ఇంతే” అంది, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని. “ఎండ వల్లే అనుకున్నా.”

అప్పుడు కదిలారు. ముందు ముగ్గురు. ఆ తర్వాత మిగతావాళ్ళు, ఒకరి భుజం ఒకరు పట్టుకుని. ఆఖర్న బయటికొచ్చింది పని గురించి అడిగిన గొంతే. కత్తెర పక్క నుంచి వెళ్తూ ఆమె తలెత్తలేదు.

గొడుగేసుకుని మేనేజరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. ఎవరితోనైనా ‘అమ్మా’ అనకుండా మాట్లాడడు, గొంతు ఎప్పుడూ పెంచడు. ఇల్లు తగలబడుతున్నా ఆ మనిషి మొహం నిమ్మకు నీరెత్తినట్టే ఉంటుంది.

“ఏంటమ్మా ఇది? పాప ఎలా ఉంది?”

“ఏం మందు కొట్టించారు ఇక్కడ?”

“ఆకులు ఆరిపోయాయమ్మా. ఇప్పుడు వాటిమీద మందెక్కడుంది?”

“పేరు చెప్పండి.”

“స్టోరు తాళం యజమానిగారి దగ్గరుంది. సాయంత్రం వస్తారు. అప్పుడు చూద్దాం.”

“సాయంత్రానికి పిల్ల పోతే?”

“అలా అశుభాలు మాట్లాడకూడదు” అన్నాడు మేనేజరు మెత్తగా. “అయినా వీళ్ళ చెయ్యి పట్టుకుని నేనేమన్నా లోపలికి లాక్కెళ్ళానా? పని కావాలని వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. ఎండాకాలం కదా, కాస్త ఒంటి సంగతి వాళ్ళే చూసుకోవాలి. పొద్దున ఏమీ తినకుండా వచ్చుంటుంది మీ పాప.”

“తిన్నది. నా చేత్తో పెట్టాను.” కత్తెర ఒక అడుగు ముందుకేసింది. మేనేజరు గొడుగు వెనక్కి జరిగింది. “నీ గొడుగు కింద ఎంత నీడుందో, పదిహేడు మందికి అంత నీడ లేదు ఈ తోటలో. అంత నీడ! గుక్కెడు నీళ్ళు లేవు. పదకొండు దాటాక పందిట్లో ఉండలేం, పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదరకముందే దింపెయ్యండని ఎన్నిసార్లు అడిగాం? గొడ్లను కూడా ఈ ఎండలో కట్టెయ్యరు. తాడు విప్పి నీడలో కడతారు!”

“మేస్త్రీ ఏడి?” అన్నాడు మేనేజరు, ఆమెకు కాదు, చుట్టూ ఉన్నవాళ్ళకు. “ఈమెకు కాస్త చెప్పుకోమనండి.”

“అమ్మాయ్.”

షెడ్డు వెనక నుంచి ఎవరో పిలిచారు. పంపు. ముప్ఫై ఏళ్ళుగా వీపున పంపు మోసి మందు కొడుతున్న మనిషి. ఇప్పుడు చేతులు వణుకుతాయి, కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి. వాసనలు తెలియడం మానేసి చాలా కాలమైంది. కూలీలందరికీ ‘మామ’.

కత్తెర మేనేజరును అక్కడే వదిలేసి వెళ్ళింది. ఖాళీ డబ్బాలు పారేసే గోతి దగ్గర నిలబడి కర్రతో ఒక డబ్బాను ఇటు తిప్పాడు పంపు.

“ఇదే. చేత్తో ముట్టుకోకు. ఫోటో తీసుకో.”

ఫోటో తీసింది. డబ్బా మీద పుర్రె బొమ్మ, ఎర్ర ముక్కోణం, పొడుగు పేరు. మొగుడి ఫోనుకు పంపి, కింద ‘డాక్టరమ్మకు చూపించు’ అని రాసింది.

“మామా, నువ్వు గుడ్డలు కట్టలేదా?”

“కట్టకేం?” అన్నాడు పంపు. గొంతులో కోపం ఉంది. “మొన్న సాయంత్రం వరస వరసకీ కట్టాను. ఈ మందుకు నాలుగు రోజులాగాలి. కొట్టిన నాకు తెలీదా? నిన్న చీకటి పడేముందు చూస్తే ఒక్కటి లేదు.”

“ఎవరు విప్పారు?”

ముసలాయన కర్రతో మట్టిలో గీతలు గీశాడు.

“మామా!”

“నన్నడక్కమ్మా” అన్నాడు. “ఇంటికెళ్ళి అడుగు.”

ఆసుపత్రి వరండాలో మేస్త్రీ బల్లమీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. కత్తెరను చూసి లేచాడు.

“పేరు చూపించాను. రెండో ఇంజక్షన్ కూడా వేశారు. ఊపిరి కాస్త...”

“విప్పింది నువ్వా?”

అతను మళ్ళీ కూర్చున్నాడు.

ఆమె నిలబడే ఉంది. చక్రాల కుర్చీ ఒకటి కీచుమంటూ వాళ్ళ ముందు నుంచి వెళ్ళింది. 

“మేనేజరు తియ్యమన్నాడు” అన్నాడు మేస్త్రీ. “కొనేవాళ్ళ కంటపడకూడదన్నాడు. ఆకులు ఆరాయి, ఏం కాదన్నాడు.”

“తీశావు.”

“నేను తియ్యకపోతే ఇంకోడు తీస్తాడు. నన్ను తీసేసి ఇంకో మేస్త్రీని పెడతాడు. ఒక పక్క వాడు, ఒక పక్క మీరంతా. అడకత్తెరలో పోకచెక్క అయింది నా బతుకు.”

“పోకచెక్కవా నువ్వు?” కత్తెర గొంతు ఒక్కసారిగా లేచింది. వరండాలో అటువైపున్న వాళ్ళు తల తిప్పారు. “నువ్వు అడకత్తెరవి! పోకచెక్క లోపల పడుకుని ఉంది, చూసిరా పో. ఆ వరసలో మందుందని తెలుసు నీకు. తెలిసి పద్దెనిమిది మందిని దింపావు. అందులో సొంత చెల్లెలు. ‘నువ్వు పడమటి తోటకు పో’ అని నన్ను మాత్రం పొద్దున్నే పంపించేశావు. ఎందుకు పంపావు? చెప్పు. పెళ్ళాం ఒక్కతి బతికితే చాలనా?”

మేస్త్రీ తల రెండు చేతుల్లో పెట్టుకున్నాడు.

“చిన్నదాన్ని కూడా పంపుదామనుకున్నా” అన్నాడు చేతుల్లోంచి. “పని చురుగ్గా చేస్తుంది, దాన్ని తూర్పు వైపే ఉంచమన్నాడు మేనేజరు.”

కత్తెర కొట్టడానికి చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యిని పట్టుకుంది అత్త. గది తలుపు దగ్గర నిలబడి ఆమె అంతా విన్నది.

“చాల్లే” అంది అత్త. ఏడుపు లేదు ఆ గొంతులో. “ఈ మాట ఇక్కడితో ఆగాలి. వింటున్నావా? పోలీసులంటారు, కేసంటారు. కూతురు మంచం మీదుంది. కొడుకును జైల్లో పెట్టించమంటావా నన్ను?”

“మరి ఆ పదిహేడు మంది, అత్తా?”

“నాకు ఇద్దరే” అంది అత్త. “నేను ఇద్దరినే కన్నాను.”

కత్తెర ఆ రాత్రి చిన్నదాని మంచం పక్కనే కూర్చుంది. మొగుడితో ఒక్క మాట మాట్లాడలేదు. అత్త తెచ్చిన అన్నం ముట్టలేదు.

తెల్లారాక చిన్నది కళ్ళు తెరిచింది. గొంతు బొంగురుపోయి ఉంది. “నోరెండిపోతోంది వదినా” అన్నది మొదటి మాట. రెండోది, “నా కత్తెర ఎవరన్నా తీశారా? కొత్తది.” కత్తెర నవ్వబోయి ఏడ్చేసింది.

గండం గడిచిందనీ, ఇంకో నాలుగైదు రోజులు కదలకూడదనీ డాక్టరమ్మ చెప్పింది. మిగతా ఆడవాళ్ళలో నలుగురిని కూడా రాత్రే తెచ్చి చేర్చారు. వాళ్ళు పక్క గదిలో ఉన్నారు. విషం కేసు కాబట్టి ఆసుపత్రి నుంచి పైకి రాసి పంపానని కూడా చెప్పింది.

తొమ్మిది గంటలకు కార్మికశాఖ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. బట్టతల, చంకలో ఫైలు. ఆయన వెనకే మేనేజరు, చేతిలో పళ్ళ సంచితో.

“వడదెబ్బని రాస్తే సరిపోయేదానికి...” అంటున్నాడు మేనేజరు డాక్టరమ్మతో.

“మీరు చెప్తే రాయడానికి నేను మీ తోటలో పని చెయ్యడం లేదు” అని ఆమె వెళ్ళిపోయింది.

ఇన్‌స్పెక్టరు స్టూలు మీద కూర్చుని అడగడం మొదలుపెట్టాడు. మంచానికి ఒక పక్క అత్త, ఒక పక్క కత్తెర. మేస్త్రీ కిటికీ దగ్గర.

“వరసలకు హెచ్చరిక గుడ్డలు ఉంటాయా?”

“తప్పకుండా కడతామండీ” అన్నాడు మేనేజరు. “అదే మా మొదటి జాగ్రత్త.”

“నిన్న లేవట. ఎవరు తీశారు?”

కత్తెర మొగుడి వైపు చూసింది. అతను కిటికీ ఊచలు పట్టుకుని బయటికి చూస్తున్నాడు. కత్తెర నోరు తెరిచింది. అత్త చెయ్యి మంచం మీదుగా వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

“నేనే సార్” అంది చిన్నది.

నిన్న వరండాలో అరుచుకున్నది పిల్ల చెవిన పడిందని కత్తెరకు అప్పుడే అర్థమైంది.

“నేనే విప్పాను. తొందరగా పని అయిపోతుందని... ఎవరికీ చెప్పలేదు.” దగ్గు వచ్చింది. ఆగి, ఊపిరి తీసుకుని, “మా అన్నకు తెలీదు” అంది.

“చూశారా!” అన్నాడు మేనేజరు. ఆ మాటలో మొదటిసారి ప్రాణం వినిపించింది. “చిన్నపిల్ల, తెలీక చేసింది. మేం మాత్రం ఎంతని కాపలా కాస్తాం?”

ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు. రాసిన కాగితం మంచం మీదికి జరిపి, కలం చిన్నదాని వేళ్ళ మధ్య పెట్టాడు. వేళ్ళు ఇంకా వణుకుతున్నాయి. కలం జారి పడింది. మేనేజరు వంగి తీసి, మళ్ళీ ఆ చేతికే అందించాడు. “పరవాలేదమ్మా, నెమ్మదిగా పెట్టు.”

అప్పుడు అత్త లేచింది.

కలం లాగి కిందికి విసిరికొట్టింది. “నా కూతురికి మందు పట్టించింది చాలక సంతకం కూడా పెట్టిస్తావురా?” అంది మేనేజరుతో. ఆమె బయటివాళ్ళెవరినీ ‘రా’ అనగా కత్తెర వినలేదు. కొడుకు వైపు తిరిగింది. “నిన్న నీకోసం నీ పెళ్ళాం నోరు నొక్కాను. ఇవాళ నీ చెల్లెలు తన మెడ నీకోసం కత్తికిందికి పెట్టింది. కిటికీలోంచి చూస్తున్నావేంరా? ఇటు తిరుగు. నువ్వు చెప్తావా? నన్ను చెప్పమంటావా?”

మేస్త్రీ ఇటు తిరిగాడు. మొహం నల్లబడిపోయి ఉంది.

“ఆ కాగితం చింపెయ్యండి సార్” అన్నాడు. “నేనే విప్పాను. పన్నెండు వరసలవీ. విప్పమన్నది ఈయన.”

“నేనా?” మేనేజరు నవ్వాడు. “ఎవరన్నా విన్నారా? సాక్ష్యముందా?”

మేస్త్రీ జేబులోంచి ఫోను తీశాడు.

మేనేజరు నవ్వు ఆగింది. “ఆలోచించుకో మేస్త్రీ” అన్నాడు చాలా మెల్లగా. “అందులో ఇంకా ఏమేమున్నాయో నీకూ తెలుసు.”

మేస్త్రీ వేలు ఫోనుమీద ఆగిపోయింది. కత్తెర చూసింది. ఇద్దరి మొహాలూ చూసింది. ఇద్దరికీ ఒకటే భయం. లేచి వెళ్ళి, మొగుడి వేలు పక్కకు తోసి, తనే నొక్కింది.

మేనేజరు గొంతు గదంతా పలికింది. “మేస్త్రీ, తూర్పు వరసల గుడ్డలు ఇవాళే తీసెయ్యి. వచ్చేవాళ్ళ కంటపడకూడదు. పంపుకు చెప్పకు, వాడు గొణుగుతాడు.”

“ఇది మీ గొంతేనా?” అని అడిగాడు ఇన్‌స్పెక్టరు.

మేనేజరు జవాబు చెప్పేలోగా ఫోను దానంతటదే తర్వాతి మెసేజీలోకి వెళ్ళింది. మేస్త్రీ ఆపబోయాడు. కత్తెర ఫోనును వెనక్కి లాక్కుంది.

“మీ చెల్లెలంటగా, పాపం. ఆసుపత్రికి మాత్రం వద్దు. ఇంటికి చేర్చెయ్. పోయిన వేసవిలో బిందె పెద్దమ్మను చేర్చినట్టే. అప్పుడు ఎంత ఒడుపుగా చేశావో నేను మర్చిపోలేదు.”

ఫోను ఆగింది. మంచం మీద చిన్నది లేచి కూర్చోబోయింది. అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

బిందె పెద్దమ్మ. పోయిన వేసవిదాకా వరసల వెంట తిరిగి, అడిగినా అడక్కపోయినా అందరి దోసిళ్ళలో నీళ్ళు పోసిన మనిషి. ఓ మధ్యాహ్నం ఇంటికెళ్ళి పడుకుని మరి లేవలేదు. ముసలి ప్రాణం, ఎండకు తాళలేకపోయింది అన్నారు. కత్తెర కూడా నమ్మింది.

ఇన్‌స్పెక్టరు ఇంకో తెల్ల కాగితం తీసి ఫైలు మీద పెట్టుకున్నాడు.

“నడిచి వెళ్ళిందన్నావు” అంది కత్తెర మొగుడితో. కోపం కూడా లేదు ఇప్పుడు ఆ గొంతులో. “తన కాళ్ళతో తనే నడిచి ఇంటికి వెళ్ళిందని, నాకు నువ్వే చెప్పావు.”